అడిగినవారికే వినఁబడు టముకు



సంతలో సరకు పెట్టినవాఁడు కేక వేయక తప్పదు. పూర్వము ఊరిలో క్రొత్త సరకు దిగినప్పుడు టముకు వేయించెడివారు. టముకు చప్పుడు ఊరంతయు వినును. కొనఁదలఁచినవాఁడు వినును, కొనఁదలఁపనివాఁడును వినును. ఉయ్యెలలోని పసిబిడ్డ సైతము ఉలికిపడి లేచును. వినినవారిలో ఎందఱు కొనిరో టముకువానికి పనిలేదు. వాని కూలి వానికి ఈయవలసినదే. గోడలమీఁది వ్రాఁతలును, వార్తాపత్రికలలోని ప్రకటనలును ఈ జాతిలోనివే. నేఁడు వేఱొక జాతి టముకు పుట్టినది. అది ఊరక మ్రోఁగదు. ఎవఁడైన "ఈ సరకు ఎక్కడ దొరకును?" అని తన చేతి ఫోనులో అడిగినప్పుడే, ఆ యడిగినవాని యెదుట మాత్రమే పలుకును. అతఁడు దానిని చూచి, వ్రేలితో నొక్కి, మన దుకాణపు గడప త్రొక్కినప్పుడే మనకు కూలి లెక్కకు వచ్చును. ఆ నొక్కునే క్లిక్కు అందురు. గూగుల్ మొదలైన అన్వేషణ సాధనములలో క్లిక్కునకు వెల చెల్లించు ప్రకటన యనఁగా ఇదియే. స్వల్పమైన సొమ్ముతో దీనిని ఎట్లు మొదలిడవలెనో, ఎచ్చట జాగ్రత్తపడవలెనో నేఁడు మనవి చేసెదను.

ఇది పట్టణపు వర్తకుల విషయము గదా, పల్లెపెద్దలకు దీనితో పనియేమి యని కొందఱు అడుగవచ్చును. పని కలదు. ఏటికొప్పాక లక్కబొమ్మలు, పోచంపల్లి చీరలు, ఆత్రేయపురపు పూతరేకులు మొదలగు సరకులను దూరపు ఊళ్ళవారికి నేరుగా అమ్మవలెనని మన యిండ్లలోని పిల్లలు ప్రయత్నించుచున్నారు. ప్రకటనకు సొమ్ము కావలెనని తండ్రిని, తాతను అడుగుచున్నారు. పొదుపు సంఘమునుండి తెచ్చిన అప్పులో కొంత దీనికి తీసిపెట్టెదమని కోడండ్రు అడుగుచున్నారు. తాళపుచెవి పెద్దలయొద్ద నున్నది. కొందఱు పెద్దలు "కంటికి కనఁబడనిదానికి డబ్బా?" అని త్రోసిపుచ్చుచున్నారు. మఱికొందఱు "చదువుకొన్న పిల్లవాఁడు చెప్పుచున్నాఁడు గదా" యని లెక్క అడుగకుండ మూట విప్పుచున్నారు. మొదటివారి యింట మంచి సరకు ఉన్నచోటనే ఉండిపోవుచున్నది. రెండవవారి యింట అప్పు మిగులుచున్నది.

నేను బడిపంతులను, వర్తకుఁడను గాను. నాయొద్ద చదివిన యొకఁడు హైదరాబాదులో ఈ పనియే వృత్తిగా చేసికొని బ్రదుకుచున్నాఁడు. వాని ప్రక్కన కూర్చుండి దీని తీరు నేర్చుకొంటిని. పిదప మా వైపు రెండు మూఁడు కుటుంబములకు లెక్కలు వ్రాసిపెట్టితిని. అందువలన నాకు దృఢపడిన అభిప్రాయ మొక్కటే. చిన్న సంచివానిని కాపాడునది విశాలమైన ప్రకటన కాదు, ఇఱుకైన ప్రకటన. ఎంత తక్కువమందికి, ఎంత సరియైనవారికి అది కనఁబడునో అంత మేలు.

ముందుగా దీని పుట్టుక. క్లిక్కునకు ఇంత యని వేలముపాడి ప్రకటన పెట్టించుకొను పద్ధతిని 1998లో అమెరికాలోని గోటూ అను సంస్థ నడపినది. దానిని స్థాపించినవాఁడు బిల్ గ్రోస్. 2001లో ఆ సంస్థ ఓవర్చర్ అని పేరు మార్చుకొనెను; 2003లో యాహూవారు దానిని కొనిరి. గూగుల్ సంస్థ 2000వ సంవత్సరము అక్టోబరు నెలలో ఆడ్‌వర్డ్స్ అను పేరుతో ప్రకటనలు ఆరంభించినది. మొదట అక్కడ వేయిమారులు చూపినందులకు ఇంత యని వెల. 2002లో క్లిక్కునకు వెలకట్టు వేలము అక్కడికిని వచ్చినది. 2018లో దాని పేరు గూగుల్ ఆడ్స్ అని మాఱినది. నేఁడు మన పిల్లలు చెప్పునది దీనినే.

వేలము మనకు క్రొత్త కాదు. చెఱువులో చేపలకును, ఊరుమ్మడి చింతచెట్ల ఫలసాయమునకును పాట పాడుట మీరందఱు ఎఱిఁగినదే. అక్కడ ఏఁటికి ఒకమాఱు పాట. ఇక్కడ ఎవఁడైన ఒక మాట వెదకిన ప్రతిమాఱును, ఱెప్పపాటు కాలములో ఒక పాట. మన పాటకును ఈ పాటకును రెండు భేదములు కలవు.

మొదటి భేదము వెలలోనిది. చింతచెట్లకు 500 రూపాయలు పాడినవాఁడు 500 రూపాయలే కట్టవలెను. ఇక్కడ గెలిచినవాఁడు తాను పాడినదంతయు సాధారణముగా కట్టఁడు. తన క్రిందివానిని మించుటకు ఎంత చాలునో అంతయే కట్టును. రెండవ పాటకాని వెలనుబట్టి గెలిచినవాఁడు చెల్లించు వేలముల స్వభావమును విలియం విక్రీ అను అర్థశాస్త్రజ్ఞుఁడు 1961లో విచారించి వ్రాసెను. వేలములు మొదలగు విషయములలో చేసిన కృషికే ఆయనకు 1996లో నోబెల్ బహుమానము వచ్చినది.

రెండవ భేదము పేదవానికి మేలైనది. ఎక్కువ పాడినవాఁడే పైన నిలుచునను నియమము ఇక్కడ లేదు. పాటతోపాటు ప్రకటన యోగ్యతను కూడ తూఁచుదురు. సులువుగా తెలియుటకు ఇట్లు అనుకొందము. ఒకఁడు 20 రూపాయలు పాడెను. వాని ప్రకటన యోగ్యత 3. మఱియొకఁడు 10 రూపాయలే పాడెను. వాని యోగ్యత 8. హెచ్చవేయఁగా మొదటివానికి 60, రెండవవానికి 80. సగము వెల పాడినవాఁడే పైన నిలుచును. అసలు లెక్క ఇంతకంటె చిక్కైనది. కాని దాని నడక ఇదియే. మా బడిలో వలెనే అక్కడను 1 నుండి 10 వఱకు మార్కులు వేసి ప్రకటనదారునకు చూపుదురు. ఆ మార్కులకు ఆధారములు మూఁడు: ప్రకటనను జనులు నొక్కుదురను ఆశ ఎంత, వెదకిన మాటకును ప్రకటనకును పొందిక ఎంత, నొక్కిన తరువాత తెఱచుకొను పుటలో వారికి కావలసినది ఎంతవఱకు ఉన్నది. కావున శ్రద్ధగా చేసినవానికి సొమ్ములో కొంత తగ్గింపు దొరకుచున్నదని చెప్పవచ్చును.

ఇఁక లెక్కలోనికి దిగుదము. ఆత్రేయపురములో ఒక కుటుంబము పూతరేకులు చుట్టి అమ్ముచున్నదనుకొందము. ఆ ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. బియ్యపు పిండినీటిలో గుడ్డ ముంచి, వేఁడి కుండమీఁద లాగి, పొరవలె తీసి, నేయి, చక్కెర లేక బెల్లము చేర్చి మడచు ఆ పనిలో స్త్రీల చేతి నైపుణ్యమే మూలధనము. ఆ కుటుంబమువారు హైదరాబాదు వారికి పెట్టెలు పంపఁదలఁచిరి. సరకు వెల, చుట్టినవారి కూలి, పెట్టె, రవాణా పోఁగా పెట్టెకు 120 రూపాయలు మిగులుననుకొందము. క్లిక్కునకు 8 రూపాయలు పడుననుకొందము. ఇవి లెక్క కొఱకు నేను ఎంచుకొన్న అంకెలు. మీ సరకునకు మీ అంకెలు వేసికొనుఁడు.

రోజునకు 100 రూపాయలు పరిమితి పెట్టిరి. గూగుల్ నియమమేమనఁగా, ఈ పరిమితి సగటు లెక్క. వెదకువారు ఎక్కువగా వచ్చిన దినమున 200 రూపాయల వఱకు ఖర్చు కావచ్చును. మఱియొక దినమున తగ్గును. నెల మొత్తము మీఁద 30.4 దినముల లెక్కను మించదు. అనఁగా నెలకు 3,040 రూపాయలు. ఒకనాఁడు 200 రూపాయలు పోయినవని చూచి మోసము జరిగినదని గుండె చెదర నక్కఱలేదు. కాని మఱియొక ఖర్చు కలదు. దీనిమీఁద 18 శాతము జి.ఎస్.టి. పడును. అది 547 రూపాయలు. మొత్తము 3,587 రూపాయలు. పిల్లవాఁడు "రోజుకు నూఱే గదా" యని చెప్పినప్పుడు పెద్దలు ఈ పన్నును కలిపి చూడవలెను.

3,040 రూపాయలకు 8 చొప్పున 380 క్లిక్కులు. 20 క్లిక్కులకు ఒకరు చొప్పున కొనినచో 19 పెట్టెలు అమ్ముడగును. వాని మిగులు 2,280 రూపాయలు. పెట్టినది 3,587. నష్టము 1,307 రూపాయలు. 10 క్లిక్కులకు ఒకరు చొప్పున కొనినచో 38 పెట్టెలు, మిగులు 4,560, ఖర్చు పోఁగా 973 రూపాయలు లాభము. సరకు అదే, సొమ్ము అదే. వచ్చినవారిలో కొనువారి పాలు ఒక్కటియే మాఱినది. పన్నుతో కలిపి క్లిక్కు వెల 9 రూపాయల 44 పైసలు కాఁబట్టి, 12 క్లిక్కులలోపల ఒక పెట్టె అమ్ముడైనచో గట్టెక్కుదుము. సగటున 13 పట్టినచో మునుఁగుదుము. ఇది కేవలము త్రైరాశికము. మన కాలపు నాలుగవ తరగతి బాలుఁడు చేయఁగల లెక్క. ఈ లెక్క చేయకుండ సొమ్ము పెట్టుటయే ఇందులోని అపాయమంతయు. ఇల్లలుకఁగానే పండుగ కాదు. క్లిక్కు పడఁగానే అమ్మకము కాదు. "నిన్న నలువదిమంది చూచినారు" అని పిల్లవాఁడు సంతోషించినప్పుడు, "ఎందఱు కొనినారు?" అని అడుగువాఁడు ఇంటిలో ఒకఁడుండవలెను.

కొనువారి పాలు పెంచుట ఎట్లు? ఇఱుకు చేయుటవలననే. దీనికి నాలుగు కంచెలు కలవు.

మొదటి కంచె మాటల యెంపిక. ఏ మాట వెదకినప్పుడు మన ప్రకటన కనఁబడవలెనో ఆ మాటను కీలకపదము అందురు. "మిఠాయిలు" అను మాటను ఎంచుకొంటిమా, లడ్డు కొఱకు వెదకువాఁడును, జిలేబి కొఱకు వెదకువాఁడును నొక్కి మన సొమ్ము తినిపోవుదురు. "పూతరేకులు" అనునది మేలు. "ఆత్రేయపురపు నేతి పూతరేకులు హైదరాబాదుకు పంపుదురా" యనునట్టిది అంతకంటె మేలు. వెదకువారు తక్కువ, కాని వెదకినవాఁడు కొనుటకే వచ్చినవాఁడు. మన భాషకు ఇక్కడ ఒక విశేషము కలదు. తెలుఁగువారిలో చాలమంది తెలుఁగు మాటను ఇంగ్లీషు అక్షరములతో కొట్టుదురు. ఒక్క పూతరేకులనే పలువురు పలు రీతుల వ్రాయుదురు. యంత్రము కొన్నిటిని తనంతఁట పోల్చుకొనును, కొన్నిటిని పోల్చుకొనఁజాలదు. కావున తెలుఁగు లిపిలోను, ఇంగ్లీషు అక్షరములలోను వాడుకలో నున్న రూపములన్నిటిని చేర్చుకొనవలెను. పరదేశపు మాటలకంటె మన యింటి మాటలకు పోటీ తఱచుగా తక్కువ. అది మనకు లాభము.

మాటను ఎంత గట్టిగా పట్టుకొనవలెనో కూడ చెప్పవలెను. మూఁడు విధములు కలవు: విశాలము, పదబంధము, ఖచ్చితము. ఏమియు చెప్పకున్నచో యంత్రము విశాలమును తీసికొనును. అప్పుడు మన మాటకు దూరపు చుట్టములైన మాటలకును ప్రకటన చూపును. చిన్న సంచివాఁడు ఖచ్చితముతోను, పదబంధముతోను మొదలిడుట క్షేమము.

రెండవ కంచె నిషేధపదములు. నా మతమున ఇది అన్నిటికంటె విలువైనది. "పూతరేకుల తయారీ విధానము" అని వెదకినది ఎవరు? తన యింటిలో చేసికొనఁదలఁచిన గృహిణి. "పూతరేకుల వీడియో" అని వెదకినవాఁడు చూడఁదలఁచినవాఁడు. "పూతరేకుల పరిశ్రమలో ఉద్యోగము" అని వెదకినవాఁడు పని కావలసినవాఁడు. వీరెవ్వరు మన గిరాకి కారు. కాని నొక్కినచో ఒక్కొక్కరికి 8 రూపాయలు మనము చెల్లించితిమి. తయారీ, విధానము, వీడియో, ఉద్యోగము, ఉచితము మొదలైన మాటలను నిషేధపదముల పట్టికలో వ్రాసినయెడల, ఆ మాటలు చేరిన వెదకులాటలో మన ప్రకటన కనఁబడదు. ఒక హెచ్చరిక: ఇక్కడ యంత్రము పర్యాయపదములను తనంతఁట గ్రహింపదు. "తయారీ" అని వ్రాసితిమి గదా, "ఎలా చేయాలి" అనునదియు తొలఁగునని తలఁపరాదు. దానిని వేఱుగా వ్రాయవలెను. జనులు నిజముగా ఏ మాటలు వెదకి మన ప్రకటనను నొక్కిరో తెలుపు నివేదిక యొకటి ఖాతాలోనే దొరకును. వారమున కొకమాఱు దానిని తెఱచి, పనికిరాని మాటలను ఏఱి నిషేధపు పట్టికలో చేర్చుట వరిచేలో కలుపు తీయుట వంటిది. ఒక్కమాఱు తీసి చేతులు కడుగుకొనిన చాలదు.

మూఁడవ కంచె స్థలము. మన పెట్టెలు హైదరాబాదునకు మాత్రమే పోఁగలిగినచో ప్రకటన అక్కడికే పరిమితము కావలెను. ఇక్కడ ఒక గూఢమైన మెలిక కలదు. యంత్రము మామూలుగా ఆ స్థలమున ఉన్నవారికే గాక, ఆ స్థలముమీఁద ఆసక్తి చూపినవారికిని ప్రకటన చూపును. అమెరికాలో డాలస్ నగరమున మన తెలుఁగువారు వేలకొలఁది ఉన్నారు. వారిలో ఒకరు ఇంటిమీఁది బెంగతో హైదరాబాదు పూతరేకుల కొఱకు వెదకినచో, ఆ క్లిక్కును మన ఖాతాలో పడవచ్చును. వారికి మనము పంపలేము, వారు కొనలేరు. కావున "ఆ స్థలమున ఉన్నవారికి మాత్రమే" అను ఏర్పాటును వెదకి ఎంచుకొనవలెను. విదేశములకు పంపు ఏర్పాటు కుదిరిననాఁడు వారికొఱకు వేఱొక ప్రకటన పెట్టవచ్చును. దాని రవాణా వేఱు, దాని లెక్క వేఱు.

నాలుగవ కంచె చోటు. వెదకులాట ఫలితముల పుటయందే గాక, ఇతరుల వెబ్‌సైట్లలోను ప్రకటన చూపించెదమని యంత్రము అడుగును. అనేకసారులు ఆ గడిలో గుఱుతు ముందే పెట్టియుండును. అడిగినవానికే వినఁబడు టముకును, అడుగనివానికిని వినఁబడు పాత టముకుగా మార్చుట యిది. మొదలిడువాఁడు ఆ గుఱుతును తీసివేయవలెను.

ఇఁక ప్రకటన వ్రాయుట. శీర్షికలు ఒక్కొక్కటి 30 అక్షరములకు మించరాదు; అట్టివి 15 వఱకు ఈయవచ్చును. వివరణములు 90 అక్షరములకు మించరాదు. అట్టివి 4 వఱకు ఈయవచ్చును. యంత్రము వానిని కలిపి చూపును. మన గుణింతములును, వత్తులును ఆ లెక్కలో చోటు తినును గావున తెలుఁగులో ఇంకను పొదుపుగా వ్రాయవలెను. "జగద్విఖ్యాతము, అద్వితీయము" అను విశేషణములు ఇక్కడ కొఱగావు. సరకేమి, ఊరేది, వెల యెంత, ఎన్ని దినములలో చేరును? ఇంతే చాలును. వెల వ్రాయుటవలన మఱియొక ప్రయోజనము కలదు. అంత వెల పెట్టలేనివాఁడు నొక్కకుండనే మఱలిపోవును. మనకు 8 రూపాయలు మిగులును.

నొక్కిన తరువాత తెఱచుకొను పుట మన దుకాణపు అరుగు వంటిది. ప్రకటనలో పూతరేకులని చెప్పి, తెఱచిన పుటలో ఊరి చరిత్రయు, యజమాని ఛాయాచిత్రమును పెట్టినచో వచ్చినవాఁడు నిలువఁడు. సరకు బొమ్మ, తూకము, వెల, పంపు దినము, ఫోను సంఖ్య, డబ్బు చెల్లించు మార్గము మొదటి చూపులోనే కనఁబడవలెను. ఒక్క పుట చాలును. అది చిన్న ఫోనులో త్వరగా తెఱచుకొనవలెను. ఆహారపదార్థము గనుక ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నమోదు సంఖ్యయు ఉండవలెను. పుటయే లేకుండ ప్రకటనకు సొమ్ము అడుగు పిల్లవానికి "ఆలు లేదు, చూలు లేదు" అను సామెత గుఱుతుచేయుట పెద్దల విధి. డబ్బు పెట్టకమునుపే గూగుల్ పటములో దుకాణము పేరు ఉచితముగా నమోదు చేసికొను వీలు కలదు. ఉచితముగా దొరకుదానిని ముందు తీసికొని, పిదప కొనవలసినదానిని కొనుట సంసారపక్షము.

ఎంత సొమ్ముతో పరీక్షింపవలెను? ఇందుకు రైతుపద్ధతి యొకటి కలదు. విత్తనము చల్లకమునుపు 100 గింజలను తడిగుడ్డలో కట్టి, ఎన్ని మొలచినవో చూతుము. మొలక చాలనిచో ఆ విత్తనమును పొలమునకు తీసికొనిపోము. ఇక్కడను 100 క్లిక్కులు తడిగుడ్డ వంటివి. మన లెక్కలో వాని వెల 944 రూపాయలు. 12 క్లిక్కులకు ఒక పెట్టె చొప్పున గట్టెక్కవలసిన వ్యాపారమునకు 100 క్లిక్కులలో 8 పెట్టెలకు మించి అమ్ముడు కావలెను. ఎనిమిదికి బదులు ఆఱు వచ్చినచో మాటలను, పుటను సవరించి మఱొక నూఱు చూడవచ్చును. ఒక్కటియు రానిచో నిలిపివేసి, లోపము మాటలలోనా, పుటలోనా, సరకు వెలలోనా యని విచారింపవలెను. "ఇంకను పెట్టినచో వచ్చును" అను మాట జూదరి మాట. మొదటి మూఁడు దినములనుబట్టి తీర్పు చెప్పుటయు తగదు. మొలకకు కొంత గడువు కావలెను గదా. ఆర్డరు ఇచ్చిన ప్రతివారిని "మా పేరు మీకు ఎట్లు తెలిసినది?" అని యడిగి ఒక నోటుపుస్తకములో వ్రాయవలెను. యంత్రమును లెక్కపెట్టును, అయినను ఇంటి పుస్తకము ఇంటిలో ఉండవలెను. ఒకమాఱు కొనినవాఁడు సంక్రాంతికి మఱల తనంతఁట అడిగినచో ఆ పెట్టెకు ప్రకటన ఖర్చు లేదు. అసలు లాభము అక్కడ నున్నది. అది సరకు మంచితనమువలన వచ్చునది గాని ప్రకటనవలన వచ్చునది కాదు.

కొన్ని అపాయములను కూడ చెప్పవలెను. ఖాతా తెఱచిన కొలఁది దినములకే యంత్రము సలహాలు ఇయ్యసాగును: పరిమితి పెంచుఁడు, మాటలు విశాలము చేయుఁడు, ఇవి తనంతఁట అమలగునట్లు అనుమతి నీయుఁడు అని. వానిలో మంచివియు ఉండును. కాని ఆ సలహా చెప్పునది మన ఖర్చువలన రాఁబడి పొందు సంస్థ యని మఱువరాదు. తనంతఁట అమలుచేయు అనుమతిని ఈయకుండుటయే మేలు. ఒక్కొక్క క్లిక్కునకు ఇంతకు మించి చెల్లింపనని పరిమితి పెట్టు వీలున్నది. మొదటిలో దానిని వాడుకొనవలెను. తన ప్రకటన కనఁబడుచున్నదో లేదో యని తానే వెదకి తానే నొక్కుట కొందఱికి అలవాటు. అది తన టముకునకు తానే కూలి యిచ్చుట. కనఁబడుచున్నదో లేదో ఖర్చు లేకుండ చూచుకొను సాధనము ఖాతాలోనే కలదు.

ఇంతకంటె పెద్ద అపాయము మధ్యవర్తి. నేనెఱిఁగిన ఒక చేనేత కుటుంబము సంఘపు అప్పులో కొంత తీసి, ఈ పని చేసిపెట్టెదనన్న ఒక మధ్యవర్తికి ఇచ్చినది. మొదటి స్థానము తప్పక చూపెదనని అతఁడు మాట యిచ్చెను. ఖాతా అతని పేరనే తెఱచెను. మూఁడు నెలల తరువాత సొమ్ము అయిపోయినది. ఎంత గూగుల్‌నకు పోయెను, ఎంత అతఁడు ఉంచుకొనెను, ఏ మాటలమీఁద పోయెను అని యడుగఁగా, చూచుటకు ఖాతా వారిచేతిలో లేదు. అప్పు మాత్రము వారి పేరనే యున్నది. ఆ యింటి యిల్లాలు ఒక సంవత్సరము మగ్గముమీఁద కూర్చుండి దానిని తీర్చినది. కావున ఖాతా ఎల్లప్పుడు మన పేర ఉండవలెను. పనివానికి లోనికి వచ్చు అనుమతి మాత్రమే ఈయవలెను. అతని కూలి వేఱుగాను, ప్రకటన సొమ్ము వేఱుగాను చెల్లింపవలెను. ప్రతిసారి క్రొత్తగా జరుగు వేలములో మొదటి స్థానము నిశ్చయముగా ఇప్పించెదనని ఎవ్వఁడు చెప్పినను, అది చేయఁగల మాట కాదు.

వేలము వేయువాని విషయమును రెండు మాటలలో చెప్పెదను. 2024వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికా ఫెడరల్ న్యాయస్థాన మొకటి, అన్వేషణయందును, అన్వేషణతోడి వ్రాఁతప్రకటనలయందును గూగుల్ తన గుత్తాధిపత్యమును చట్టవిరుద్ధముగా నిలుపుకొనినదని తీర్పు చెప్పినది. చెట్లును వానివే, పాట పెట్టువాఁడును వాఁడే యైనప్పుడు పాడువానికి తన సంచి నోటిని బిగించి పట్టుకొనుట తప్ప వేఱు రక్షణ లేదు.

చివరకు, ఈ పద్ధతి అందఱికిని తగినది కాదు. ఇది ఉన్న కోరికను పట్టి తెచ్చును గాని, లేని కోరికను పుట్టింపదు. ఎవరును వెదకని సరకునకు ఈ టముకు మ్రోఁగనే మ్రోఁగదు. ఊరిలోనివారే గిరాకియైన వడ్రంగికిని, మంగలికిని దీనితో పనిలేదు. పెట్టెకు పది రూపాయలే మిగులు సరకునకు 8 రూపాయల క్లిక్కు కట్టదు. మిగులు కొంత దండిగా ఉండి, దూరమునకు పంపఁదగినదై, జనులు పేరుపెట్టి అడుగు సరకునకే ఇది అక్కఱకు వచ్చును.

కాఁబట్టి పెద్దలారా, మీ యింటి పిల్లవాఁడు గాని, కోడలు గాని ప్రకటనకు సొమ్ము అడిగినప్పుడు కసరకుఁడు, వెంటనే ఈయకుఁడు. దగ్గఱ కూర్చుండఁబెట్టుకొని నాలుగు ప్రశ్నలు అడుగుఁడు. ఏ మాటకు ప్రకటన, ఏ మాటకు నిషేధము? ఏ ఊరివారికి? పన్నుతో కలిపి నెలకు ఎంత? ఎన్ని క్లిక్కులలో ఒక అమ్మకమైనచో గట్టెక్కుదుము, ఎప్పుడు నిలిపివేయుదుము? నాలుగింటికిని కాగితముమీఁద జవాబు వ్రాసి చూపినవారికి మొదటి నూఱు క్లిక్కుల సొమ్ము సంతోషముగా ఇండు. చూపలేనివారికి ఒక కాగితమును, కలమును ఇచ్చి, రేపు రమ్మని చెప్పుఁడు. సెలవు.